గల్ఫ్ దేశాలకు ఒకే కరెన్సీ ఎందుకు రాలేదు? వస్తే రియాల్ జీతం, ఇంటికి పంపే డబ్బు ఏమవుతాయి?

నెల మొదటి వారం. నిజామాబాద్‌లోనో, కరీంనగర్‌లోనో, కడపలోనో, హైదరాబాద్ పాతబస్తీలోనో ఒక ఇంట్లో ఫోన్ మోగుతుంది. అవతల రియాద్ నుంచి కొడుకు, లేదా దుబాయ్ నుంచి భర్త, దోహా నుంచి తమ్ముడు. సలాం, దువా అయ్యాక, పిల్లల చదువు, అమ్మీ మోకాళ్ల నొప్పి అడిగాక, మాట తప్పకుండా ఒక దగ్గరికి వస్తుంది: "ఇవాళ రేటు ఎంతుంది?" రియాల్‌కు పావలా పెరిగితే రెండు వేల రియాళ్ల మీద 500 రూపాయల తేడా. ఆ డబ్బుతో ఇంట్లో ఏదో ఒక బిల్లు తీరిపోతుంది. అందుకే పంపేవాళ్లు రెండు రోజులు ఆగి చూస్తారు.

ఇలాంటి ఇళ్లల్లో అప్పుడప్పుడూ ఒక మాట వినిపిస్తుంటుంది. రియాల్, దిర్హమ్, దినార్ అన్నీ పోయి గల్ఫ్ మొత్తానికి ఒకే కరెన్సీ వస్తుందట అని. ఇది ఉత్త పుకారు కాదు. గల్ఫ్ పాలకులే సంతకాలు పెట్టిన ఒప్పందం ఉంది, దానికోసం ఏర్పడిన సంస్థ కూడా ఉంది. 2010 నాటికే కొత్త నోట్లు చేతికి రావాలని గడువు పెట్టుకున్నారు. కానీ రాలేదు. ఎందుకు ఆగింది, వస్తే ఎవరికి లాభం, ఎవరికి భయం, ఇక్కడ డబ్బు కోసం ఎదురుచూసే కుటుంబాలకు దానితో పనేంటి అన్నది తెలుసుకోవడం అవసరం.

ఒకప్పుడు గల్ఫ్‌లో నడిచింది మన రూపాయే

ఈ కథను 2010 నుంచి కాదు, అంతకు యాభై ఏళ్ల ముందు నుంచి చూడాలి. ఈ తరం వాళ్లకు నమ్మబుద్ధి కాకపోవచ్చు గానీ, కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, అబుదాబి, మస్కట్ బజార్లలో ఒకప్పుడు చెల్లింది భారత రూపాయే. ముత్యాల వ్యాపారం, ఖర్జూరం, బట్టలు, మసాలా దినుసులు అన్నీ బొంబాయితో ముడిపడి ఉండేవి. బ్రిటిష్ వారి ప్రాబల్యం కూడా అక్కడ బొంబాయి మీదుగానే నడిచేది. అలా రూపాయి ఆ తీరమంతటికీ ఉమ్మడి డబ్బు అయిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక చిక్కు మొదలైంది. గల్ఫ్ నుంచి బంగారం దొంగచాటుగా ఇండియాకు వచ్చేది. దానికి బదులుగా రూపాయి నోట్లు అటు వెళ్లేవి. అక్కడి బ్యాంకులు ఆ నోట్లను తిరిగి మన రిజర్వ్ బ్యాంకుకు ఇచ్చి విదేశీ మారకం తీసుకునేవి. మన ఖజానాలోని విదేశీ నిల్వలు అలా కరిగిపోతుండటంతో, 1959లో చట్టం మార్చి రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్‌కు ప్రత్యేక నోట్లు ముద్రించింది. వాటినే గల్ఫ్ రూపాయిలు అన్నారు. విలువ మన రూపాయితో సమానమే, రంగు వేరు, ఇండియాలో మాత్రం చెల్లవు. అదే కాలంలో హజ్‌కు వెళ్లే యాత్రికుల కోసం కూడా వేరుగా పది, వంద రూపాయల హజ్ నోట్లు వచ్చాయి.

కువైట్ 1961లో సొంత దినార్ తెచ్చుకుంది. బహ్రెయిన్ 1965లో అదే దారి పట్టింది. మిగిలినవాళ్లు రూపాయితోనే ఉన్నారు. అంతలో 1966 జూన్ 6న ఢిల్లీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలర్‌కు 4 రూపాయల 76 పైసలుగా ఉన్న రేటు ఒక్కసారిగా 7 రూపాయల 50 పైసలకు చేరింది. మన దేశానికి కరువు, యుద్ధ ఖర్చు, విదేశీ అప్పు వంటి కారణాలు ఉన్నాయి. కానీ దుబాయ్‌లో దుకాణం నడుపుకునే మనిషికి వీటిలో ఏదీ సంబంధం లేదు. తెల్లారేసరికి అతని గల్లాపెట్టెలోని డబ్బు విలువలో మూడో వంతుకు పైగా పోయింది. అతన్ని ఎవరూ అడగలేదు. అతని అమీర్‌నూ అడగలేదు.

ఆ దెబ్బతో ఖతార్, దుబాయ్ వాళ్లు రూపాయిని వదిలేశారు. కొంతకాలం సౌదీ రియాల్ వాడుకుని, ఆ ఏడాదే తమ సొంత ఉమ్మడి రియాల్ తెచ్చుకున్నారు. అబుదాబి బహ్రెయిన్ దినార్ వైపు వెళ్లింది. ఒమాన్ మాత్రం 1970 దాకా ఆగింది. యూఏఈ ఏర్పడిన తర్వాత 1973లో దిర్హమ్ వచ్చింది.

ఈ పాత సంగతిలోనే తర్వాతి చర్చకంతటికీ మూలం ఉంది. ఉమ్మడి కరెన్సీ బాగా నడిచినన్నాళ్లూ అందరికీ సుఖమే. కష్టం వచ్చిన రోజున మాత్రం ఒక ప్రశ్న తలెత్తుతుంది: నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

హాలీ సిక్కా పోయిన జ్ఞాపకం

ఇలాంటి మార్పు తెలంగాణ పెద్దలకు కొత్తేమీ కాదు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడి జనం కల్దార్ అని పిలిచేవారు. మిషన్ మీద అచ్చయ్యే నాణెం కాబట్టి ఆ పేరు. మారకం లెక్కలో ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. బొంబాయికో, మద్రాసుకో సరుకు కోసం వెళ్లే వ్యాపారి ముందు ఈ లెక్క చూసుకోవాల్సిందే.

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిశాక కూడా హాలీ సిక్కా ఒక్కరోజులో పోలేదు. కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 1959 నాటికి హాలీ చెలామణి పూర్తిగా ముగిసింది. మార్పు మెల్లగా జరిగింది, మారకం రేటు ముందే తెలిసింది. అయినా జీతం కాగితం మీద ఏడు ఉన్నచోట ఆరు కనిపిస్తే మనిషికి ఏదో పోయినట్టే అనిపిస్తుంది. విలువ తగ్గకపోయినా అంకె తగ్గితే గుబులు పుడుతుంది. ఏ దేశంలో కరెన్సీ మారినా సామాన్యుడి మొదటి భయం ఇదే.

అసలు ఆలోచన ఎలా మొదలైంది?

1981 మేలో సౌదీ అరేబియా, కువైట్, యూఏఈ, ఖతార్, బహ్రెయిన్, ఒమాన్ కలిసి గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నాయి. అదే ఏడాది కుదిరిన ఆర్థిక ఒప్పందంలోనే కరెన్సీని ఏకం చేయాలన్న మాట ఉంది. ఇరవై ఏళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది. 1999లో యూరోపు దేశాలు యూరో మొదలుపెట్టాయి. అప్పుడు గల్ఫ్ పాలకుల్లోనూ కదలిక వచ్చింది. 2001 డిసెంబర్‌లో మస్కట్‌లో జరిగిన సమావేశంలో 2010 కల్లా ఒకే కరెన్సీ తేవాలని తీర్మానించారు. పేరు అధికారికంగా ఖాయం కాకపోయినా 'ఖలీజీ' అన్న పేరు ఎక్కువగా వినిపించింది. ఖలీజ్ అంటే అఖాతం అని ఉర్దూ తెలిసినవారికి చెప్పక్కర్లేదు.

కాగితం మీద చూస్తే దీనికంటే తేలికైన పని మరొకటి లేదనిపిస్తుంది. ఆరు దేశాలదీ ఒకే భాష, ఒకే మతం, దగ్గరి ఆచారాలు. అందరిదీ చమురు, గ్యాస్ మీద ఆధారపడిన ఆదాయమే. పైగా వాళ్ల కరెన్సీలన్నీ అప్పటికే డాలర్‌కు కట్టేసి ఉన్నాయి. డాలర్‌కు 3.75 సౌదీ రియాళ్లు అన్న రేటు 1986 నుంచి మారలేదు. యూఏఈ దిర్హమ్ 3.6725, ఖతార్ రియాల్ 3.64, బహ్రెయిన్ దినార్ 0.376, ఒమాన్ రియాల్ 0.3845. కువైట్ కూడా 2003 జనవరిలో డాలర్‌కు కట్టుకుంది. అన్ని పడవలూ ఒకే గుంజకు కట్టి ఉన్నప్పుడు వాటిని ఒకే పడవ చేస్తే ఏం పోతుంది అన్నది సమర్థించేవారి వాదన.

లాభం చెప్పేవాళ్లు ఏమన్నారు?

మొదటిది, మార్పిడి ఖర్చు పోతుంది. దమ్మామ్ నుంచి వంతెన దాటి బహ్రెయిన్ వెళ్లే వ్యాపారి రెండు రకాల నోట్లు మోయనక్కర్లేదు. రెండవది, ధరలు పోల్చుకోవడం సులువు. ఒకే వస్తువు దోహాలో ఎంత, జిద్దాలో ఎంత అన్నది లెక్క కట్టకుండానే తెలుస్తుంది. మూడవది, బయటి పెట్టుబడిదారుడికి ఆరు చిన్న మార్కెట్ల బదులు ఒక పెద్ద మార్కెట్ కనిపిస్తుంది. నాలుగవది, గౌరవం. చమురు అమ్మే ఇంత పెద్ద ప్రాంతానికి తనదైన బలమైన డబ్బు ఉండాలన్న కోరిక చాలామందిలో ఉంది.

ఇవన్నీ నిజమైన లాభాలే. కాకపోతే డాలర్‌తో రేటు స్థిరంగా ఉండటం వల్ల వీటిలో సగం ఇప్పటికే అందుతున్నాయి. 100 దిర్హమ్‌లు అంటే సుమారు 102 సౌదీ రియాళ్లు. నిన్నా అంతే, పదేళ్ల కిందటా అంతే. కాబట్టి ఒకే కరెన్సీ వల్ల కొత్తగా వచ్చే లాభం వ్యాపారులు అనుకున్నంత పెద్దది కాదని వ్యతిరేకించేవారు అంటారు.

పోయేదేంటి?

సొంత కరెన్సీ ఉన్న దేశం చేతిలో రెండు తాళాలు ఉంటాయి. ఒకటి వడ్డీ రేటు, రెండోది మారకం రేటు. ధరలు మండితే వడ్డీ పెంచుతారు, వ్యాపారం పడిపోతే తగ్గిస్తారు. అవసరమైతే మారకం రేటును సర్దుకుంటారు. ఉమ్మడి కరెన్సీలో చేరితే ఈ రెండు తాళాలూ ఉమ్మడి బ్యాంకుకు అప్పజెప్పాలి.

డాలర్‌కు కట్టుకున్న గల్ఫ్ దేశాలు వడ్డీ తాళాన్ని ఎప్పుడో వాషింగ్టన్‌కు ఇచ్చేశాయి. అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే ఇవీ దాదాపు వెంటనే పెంచుతాయి. అయితే డాలర్ ముడి విప్పే హక్కు మాత్రం ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది. ఆ హక్కు ఎంత విలువైనదో 2007లో తెలిసింది. డాలర్ పడిపోతుంటే దిగుమతుల ధరలు పెరిగిపోయాయి. గల్ఫ్‌లో తిండి, బట్ట అన్నీ బయటి నుంచే రావాలి. ఆ ఏడాది మేలో కువైట్ డాలర్ ముడి విప్పి, కొన్ని కరెన్సీల కలగలుపుకు దినార్‌ను కట్టుకుంది. ఖలీజీ అప్పటికే వచ్చి ఉంటే కువైట్ ఆ పని ఒంటరిగా చేయగలిగేది కాదు.

ఒక్కొక్కరుగా తప్పుకున్నారు

అంతకు ముందే, 2006 చివర్లో ఒమాన్ 2010 గడువుకు తాను సిద్ధం కాలేనని చెప్పేసింది. చేరాలంటే కొన్ని షరతులు ఉన్నాయి. బడ్జెట్ లోటు దేశ ఆదాయంలో 3 శాతం మించకూడదు, ప్రభుత్వ అప్పు 60 శాతం దాటకూడదు. చమురు నిల్వలు తక్కువగా ఉన్న ఒమాన్‌కు యువతకు ఉద్యోగాలు కల్పించాలంటే ఖర్చు పెట్టే స్వేచ్ఛ కావాలి. ఆ స్వేచ్ఛను వదులుకోదలచుకోలేదు.

పెద్ద దెబ్బ 2009లో తగిలింది. ఉమ్మడి కేంద్ర బ్యాంకుకు దారి వేసే ద్రవ్య మండలి ఎక్కడ ఉండాలన్నది ఆ ఏడాది మేలో తేల్చారు. రియాద్ అన్నారు. తమ దగ్గర పెట్టమని 2004 నుంచీ అడుగుతున్న యూఏఈ, ఆ నిర్ణయం వచ్చిన రెండు వారాల్లోనే పథకం నుంచి తప్పుకుంది. సహకార మండలి కార్యాలయం కూడా రియాద్‌లోనే ఉంది, ముఖ్యమైన సంస్థ ఒక్కటీ మాకు ఇవ్వరా అన్నది వాళ్ల అభ్యంతరం.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇది ఒక భవనం కోసం గొడవలా కనిపించింది. కానీ లోపలున్న భయం వేరు. మొత్తం ఆరు దేశాల ఆర్థిక వ్యవస్థలో దాదాపు సగం సౌదీదే. బ్యాంకు కూడా అక్కడే ఉంటే మిగిలినవారి మాట ఎంతవరకు చెల్లుతుంది? 1966లో ఢిల్లీ నిర్ణయం దుబాయ్ జేబును తాకినట్టు, రేపు రియాద్ నిర్ణయం తాకదా? ఈ ప్రశ్నకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

2009 జూన్ 7న సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్ నాలుగే ఒప్పందంపై సంతకం చేశాయి. 2010 మార్చిలో ద్రవ్య మండలి మొదటిసారి సమావేశమైంది. గడువు మాత్రం దాటిపోయింది. కొత్త తేదీ ప్రకటించి దాన్ని నిలబెట్టుకున్నది లేదు.

యూరోపు చూపించిన పాఠం

సరిగ్గా అదే సమయంలో యూరోపులో మంట అంటుకుంది. యూరో నోట్లు 2002 జనవరి 1న 12 దేశాల్లో చేతికి వచ్చాయి. వాటిలో గ్రీస్ ఒకటి. 2009 చివర్లో గ్రీస్ ప్రభుత్వం తన లోటు మునుపు చెప్పినదానికంటే చాలా ఎక్కువని ఒప్పుకుంది. అప్పు ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గారు. సొంత కరెన్సీ ఉంటే విలువ తగ్గించుకుని, ఎగుమతులు, పర్యాటకం పెంచుకుని మెల్లగా లేచేది. యూరోలో ఆ దారి లేదు. 2010 మేలో 110 బిలియన్ యూరోల సాయం వచ్చింది. దాంతోపాటు జీతాల కోత, పెన్షన్ల కోత వచ్చాయి. 2013లో అక్కడ నిరుద్యోగం 27 శాతం దాటింది. 2015 వేసవిలో బ్యాంకులు మూసేసి, ఏటీఎం నుంచి రోజుకు 60 యూరోలే తీసుకోమన్నారు. పెన్షన్ కోసం ముసలివాళ్లు బ్యాంకుల ముందు నిలబడ్డారు.

ఇంత జరిగినా గ్రీస్ యూరోను వదల్లేదు. వదిలితే పాత డ్రాక్మా విలువ కుప్పకూలి, జనం దాచుకున్న డబ్బు కరిగిపోతుందన్న భయం ఇంకా పెద్దది. ఉమ్మడి కరెన్సీలోకి వెళ్లడం కంటే బయటికి రావడం ఎంత కష్టమో గల్ఫ్ కేంద్ర బ్యాంకులు కళ్లారా చూశాయి.

యూరోపులో ఇంకో మంచి విషయం కూడా ఉంది. కొన్నిచోట్ల జనాన్ని అడిగారు. డెన్మార్క్ 2000లో ఓటింగ్ పెడితే 53 శాతం మంది వద్దన్నారు. స్వీడన్‌లో 2003లో దాదాపు 56 శాతం వద్దన్నారు. ఆ రెండు దేశాలూ ఇవాళ్టికీ సొంత క్రోన్, క్రోనాతోనే ఉన్నాయి. డెన్మార్క్ మాత్రం తన క్రోన్‌ను యూరోకు కట్టి ఉంచింది. గల్ఫ్ దేశాలు డాలర్‌తో చేస్తున్నదీ ఇలాంటిదే: రేటు స్థిరంగా ఉంటుంది, అవసరమైతే తాళం చెవి ఇంట్లోనే ఉంటుంది.

బల్గేరియా 2026 జనవరి 1న యూరోలో చేరి 21వ సభ్య దేశమైంది. అక్కడ వీధుల్లో నిరసనలు జరిగాయి. రిఫరెండం పెట్టాలని దేశాధ్యక్షుడు 2025 మేలో ప్రతిపాదించినా పార్లమెంటులో అది ముందుకు సాగలేదు. ధరలు పెరుగుతాయన్నది పల్లెల్లో ముసలివాళ్ల భయం. వ్యాపారం పెరుగుతుందన్నది పట్టణాల ఆశ.

గల్ఫ్‌లో ఈ చర్చ రాజులు, మంత్రులు, కేంద్ర బ్యాంకు గవర్నర్లు, పత్రికల మధ్యే నడిచింది. యూఏఈ, ఖతార్‌లలో ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మంది బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లే. ఆరు దేశాల్లో కలిపి దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వాళ్ల జీతం ఏ డబ్బులో ఉండాలన్న చర్చలో వాళ్ల మాటకు చోటు లేదు.

నమ్మకం ఉంటేనే ఉమ్మడి ఖజానా

2010 తర్వాత జరిగిన రెండు సంఘటనలు ఈ కథను ఇంకా స్పష్టం చేశాయి. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సరిహద్దు మూసేశారు, విమానాలు ఆపేశారు. బయటి దేశాల్లో కొన్ని బ్యాంకులు, మనీ ఎక్స్ఛేంజ్‌లు ఖతార్ రియాల్ మార్చడం కూడా ఆపేశాయి. అయినా ఖతార్ తన సొంత నిల్వలతో తన రియాల్‌ను 3.64 దగ్గరే నిలబెట్టుకుంది. మూడున్నరేళ్ల తర్వాత 2021 జనవరిలో అల్ ఉలాలో రాజీ కుదిరింది. ఆ రోజుల్లో ఆ దేశాలకు ఒకే కేంద్ర బ్యాంకు ఉండి ఉంటే? ఒకే గల్లాపెట్టె పెట్టుకున్న అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తే దుకాణం ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రెండోది దీనికి భిన్నమైనది. 2018లో బహ్రెయిన్ అప్పుల్లో కూరుకుని, దినార్ మీద ఒత్తిడి పెరిగింది. అప్పుడు సౌదీ, యూఏఈ, కువైట్ కలిసి 10 బిలియన్ డాలర్ల సాయం ప్రకటించాయి. బదులుగా బహ్రెయిన్ తన ఖర్చు తగ్గించుకుని లెక్కలు సరిచేసుకోవాలి. అంటే ఒకే కరెన్సీ లేకపోయినా కష్టంలో ఆదుకునే బంధం ఉంది. కానీ అది ప్రతిసారీ మాట్లాడుకుని చేసుకున్న సాయమే. ఉమ్మడి కరెన్సీ వస్తే అది తప్పనిసరి బాధ్యత అవుతుంది. ఎవరు ఎంత మోయాలి, ఎన్నిసార్లు మోయాలి అన్నది ముందే రాసుకోవాలి. అలా రాసుకోవడానికి ఆరుగురూ ఇంకా సిద్ధంగా లేరు.

మన ఇంటికి వచ్చే రూపాయల సంగతి

ఇప్పుడు ఇంటి లెక్కకు వద్దాం. రియాల్ రేటు పెరిగిందని, తగ్గిందని అందరూ అంటారు. నిజానికి రియాల్ కదలదు. డాలర్‌తో దాని రేటు 3.75 దగ్గర కట్టేసి ఉంది. కదిలేది డాలర్‌కు రూపాయికి మధ్య రేటు. డాలర్ 90 రూపాయలు అనుకుంటే రియాల్ 24 రూపాయలు. 2,000 రియాళ్లు పంపితే 48,000.

ఖలీజీ వచ్చిందని, ఒక ఖలీజీ ఒక డాలర్‌తో సమానమని అనుకుందాం. 2,000 రియాళ్ల జీతం 533 ఖలీజీలు అవుతుంది. అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ 533ని 90తో గుణిస్తే మళ్లీ అదే 48,000. ఇది పాత హాలీ, కల్దార్ లెక్క లాంటిదే. అంకె మారుతుంది, విలువ మారదు.

కొత్త కరెన్సీని డాలర్‌కు కట్టకపోతే మాత్రం కథ వేరు. అప్పుడు ఖలీజీ బలపడితే ఇక్కడికి ఎక్కువ రూపాయలు వస్తాయి, చమురు ధర పడి బలహీనపడితే తక్కువ వస్తాయి. ఇప్పుడు రూపాయి ఒక్కటే ఊగుతోంది. అప్పుడు రెండు వైపులా ఊగుతుంది. కాబట్టి ఎప్పుడైనా ఈ వార్త మళ్లీ వస్తే కుటుంబాలు అడగాల్సిన మొదటి ప్రశ్న నోటు రంగు గురించి కాదు, దాన్ని దేనికి కట్టారు అన్నదే.

దీని ప్రభావం ఎలా ఉంటుందో 2007లో గల్ఫ్‌లో పనిచేసినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మొదట్లో డాలర్ 44 రూపాయల దగ్గర ఉండేది. చివరికి 39 దగ్గరికి దిగింది. 2,000 రియాళ్లు పంపితే ఇంటికి 23,000 పైగా వచ్చేచోట 21,000 మాత్రమే వచ్చింది. అదే సమయంలో దుబాయ్‌లో అద్దె, తిండి ధరలు పెరిగాయి. పనివాళ్లకు రెండు వైపులా దెబ్బ. ఆ ఏడాది చివర్లో దుబాయ్ నిర్మాణ కార్మికులు జీతాలు పెంచాలని సమ్మెకు దిగారు. కరెన్సీ గురించి పెద్దలు చేసే నిర్ణయం కూలివాడి కంచం దాకా ఎలా వస్తుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. 2013 ఆగస్టులో రూపాయి 68 దాకా పడినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. రియాల్‌కు 18 రూపాయలు దాటడంతో పంపేవాళ్లు వరుస కట్టారు.

రిజర్వ్ బ్యాంక్ సర్వే ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బులో గల్ఫ్ దేశాల వాటా దాదాపు 38 శాతం. ఈ చర్చ మన ఇళ్లకు దూరమైనది కాదనడానికి ఆ ఒక్క అంకె చాలు.

నిజంగా మారితే ఏం జరుగుతుంది?

2016 నవంబర్ 8 రాత్రి నోట్ల రద్దు చూసిన మన జనానికి కరెన్సీ మార్పు అనగానే క్యూలు గుర్తొస్తాయి. ఉమ్మడి కరెన్సీకి మారడం అలా జరగదు. యూరో లెక్కల్లోకి వచ్చిన మూడేళ్లకు గానీ నోట్లు రాలేదు. 2023లో యూరోలో చేరిన క్రొయేషియాలో నాలుగు నెలల ముందు నుంచే దుకాణాల్లో రెండు ధరలూ రాసి పెట్టారు. బ్యాంకు ఖాతాల్లోని డబ్బు దానంతటదే మారిపోయింది. పాత నోట్లను అక్కడి కేంద్ర బ్యాంకులో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నాణేలకు మాత్రం మూడేళ్ల గడువు ఇచ్చారు. జీతాలు, అప్పులు, అద్దె ఒప్పందాలు అన్నీ ప్రకటించిన రేటు ప్రకారం మారాయి. ఎవరూ కొత్తగా సంతకాలు చేయనక్కర్లేదు. చిల్లర దగ్గర ధరను పైకి సర్దేశారన్న ఫిర్యాదులు మాత్రం వచ్చాయి. టీ, రొట్టె, మంగలి దుకాణం లాంటి చిన్న ధరల్లోనే జనం ఆ తేడాను గమనించారు.

గల్ఫ్‌లో ఎప్పుడైనా అలాంటిది జరిగితే అక్కడి మనవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. జీతం చేతికి నగదుగా కాకుండా బ్యాంకు ఖాతాలో పడుతుంటే మార్పు తేలిక, లెక్క కూడా ఉంటుంది. పని ఒప్పందం కాగితం, అప్పు ఇచ్చిపుచ్చుకున్న రాతలు దగ్గర ఉండాలి. రేటు ప్రభుత్వం ప్రకటించినదే చెల్లుతుంది, మేస్త్రీయో ఏజెంటో చెప్పినది కాదు. "ఖలీజీ వస్తోంది, ముందే కొనిపెట్టుకోండి, పది రెట్లు అవుతుంది" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే అది మోసమే. ఇంకా పుట్టని నోటును ఎవరూ అమ్మలేరు. "రియాల్ రద్దు అవుతుంది, ఇప్పుడే అంతా పంపేయండి" అన్న మాట విని కష్టపడి దాచింది తక్కువ రేటుకు పంపేయడమూ తప్పే.

ప్రస్తుతానికి ఖలీజీ దూరంలోనే ఉంది. ఒప్పందం చెరిగిపోలేదు, అలాగని ముందుకూ కదల్లేదు. పాలకులు తీర్మానం చేసి రెండు దశాబ్దాలు దాటినా ఆగిపోవడానికి కారణం లెక్కలు కుదరక కాదు. రేపు కష్టం వస్తే ఎవరు మోస్తారు, ఎవరి మాట చెల్లుతుంది అన్న ప్రశ్నకు ఆరుగురికీ నచ్చే జవాబు దొరకక. 1966 జూన్‌లో రూపాయిని వదిలేసుకున్న రోజే ఆ ప్రశ్న వాళ్ల ముందుకు వచ్చింది.

అందాకా నెల మొదటి వారంలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. రేటు ఎంత అని అడుగుతూనే ఉంటారు. ఆ రేటు రియాద్‌లోనో దుబాయ్‌లోనో కాదు, డాలర్‌కు రూపాయికి మధ్య తేలుతోందని తెలిస్తే, ఎప్పుడు పంపాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఆ కుటుంబం కాస్త నిబ్బరంగా తేల్చుకోగలుగుతుంది.